చెంబులు పట్టుకుని పరిగెత్తినవాళ్ళు

గుల్లలపాడులో ఊరికే పరిగెత్తేవాళ్ళు ఉండరు. పలాసకు తూర్పున, సముద్రానికి దగ్గరగా, కొబ్బరితోటల మధ్య ఇసుకలో ఉన్న ఊరు అది. ఇసుకలో నడవడమే ఒక పని. పరిగెత్తాలంటే తగిన కారణం ఉండాలి. పాక అంటుకోవాలి, ఆవు నూతిలో పడాలి, లేదంటే ఎవరి ప్రాణం మీదకైనా రావాలి. అందుకని ఆ ఊళ్ళో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఎవరైనా పరిగెడుతూ కనిపిస్తే, చూసినవాడు చేతిలో పని అక్కడే పడేసి వాడి వెనక పరిగెడతాడు. ఏమైందని అడగడం కూడా పరిగెడుతూనే. నిలబెట్టి అడగడం మర్యాద కాదు. ఆ కాస్త ఆలస్యానికి పాక కాలిపోవచ్చు. ముందువాడికి ఆయాసం వచ్చి జవాబు చెప్పలేకపోతే, చెప్పేదాకా వెనకవాళ్ళు పరిగెత్తాల్సిందే.

ఒకసారి ఒకాయన పలాస బస్సు తప్పిపోతుందని పరిగెత్తాడు. అతని వెనక పాతికమంది పరిగెత్తి బస్సు దాకా వచ్చారు. అందరూ ఎక్కుతారనుకుని కండక్టరు బస్సు ఆపి తలుపు తీసి నిలబడ్డాడు. ఎక్కింది ముందు పరిగెత్తినాయన ఒక్కడే. కండక్టరు తిట్టిన తిట్లు మిగతావాళ్ళు తలా కాస్త పంచుకుని ఇళ్ళకు పోయారు. వాళ్ళలో ఎవరికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

సింహాచలం ఆ ఊరి రైతు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, నడుం దగ్గర కాస్త విశాలం. ఊరికీ సముద్రానికీ మధ్య అతనికొక జీడితోట ఉంది. తండ్రి ఇచ్చింది ఉత్త ఇసుక. చెట్లు మాత్రం సింహాచలం చేతులతో వేసినవి. తొంభైతొమ్మిది తుపానుకి వాటిలో సగం వేళ్ళు పైకి తేలి పడుకుంటే కట్టెలకి అమ్ముకోమని అందరూ అన్నారు. సింహాచలం ఒక్కొక్క చెట్టుకీ మోకులు కట్టి లాగి, తాటిదుంగలు ఊతంపెట్టి నిలబెట్టాడు. నిలబడ్డాయి గాని నిటారుగా నిలబడలేదు. అన్నీ పడమటికి ఒరిగే ఉండిపోయాయి. ఆ తోటలోకి వెళ్ళినవాళ్ళు తమకు తెలియకుండానే తల ఒక పక్కకి వంచి నడిచేవారు.

రెండువేల నాలుగు వేసవిలో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఆ తోటలోకి ఎలుగుబంటి వచ్చింది. ఉద్దానమనే ఆ తోటల సీమలో అదేమీ వింత కాదు. పండిన జీడిపళ్ళ వాసన తగిలితే కొండల మీంచి దిగివస్తాయి. పనసపళ్ళు తింటాయి. ఒక్కోసారి గుళ్ళో దీపాల నూనె కూడా నాకి పోతాయి. మనుషుల్ని చీల్చినవీ ఉన్నాయి కాబట్టి దాన్ని చూసి భయపడ్డవాణ్ణి పిరికివాడని ఎవరూ అనరు. సింహాచలం భయపడ్డాడు, పరిగెత్తాడు. నాలుగడుగులు వేశాడో లేదో, మోకాళ్ళు తాము రామని చెప్పేశాయి. బోర్లా పడ్డాడు. ఎలుగుబంటి వచ్చి అతని చెవి దగ్గర ఊపిరి వదిలింది. తరవాత అతని పక్కనే కూచుని, చుట్టూ రాలిన పళ్ళు తీరిగ్గా తిన్నది. పళ్ళయిపోయాక, ముసలివాళ్ళు అరుగు మీద చెయ్యి ఆనించి లేచినట్టు అతని వీపు మీద కాలు ఆనించి లేచి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

భార్య బొడ్డమ్మ అన్నం పట్టుకొచ్చేసరికి సింహాచలం ఇంకా అలాగే ఉన్నాడు.

"సచ్చిపోనావేటి మావా?" అంది.

"తెల్దు," అన్నాడు సింహాచలం ఇసుకలోంచి. "నువ్వు సూసి సెప్పు."

ఆ తరవాత అతను తోటలోకి కాలు పెట్టలేదు. ముళ్ళకంచె తడిక దాకా వెళ్ళేవాడు. తడిక మీద చెయ్యి వేసేవాడు. మోకాళ్ళు వణకగానే, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. ఆ యేడు పిక్కలన్నీ బొడ్డమ్మ ఒక్కతే ఏరింది. ఒక చేత్తో ఏరుతూ ఇంకో చేత్తో రేకు డబ్బా మోగిస్తూ.

మళ్ళీ జీడి పూతకొచ్చే వేళకి కోటబొమ్మాళి నుంచి బొడ్డమ్మ అన్న తిరుపతిరావు మోటారుసైకిలు మీద దిగాడు. ప్రతి కష్టానికీ తన దగ్గర ఒక ఉపాయం ఉంచుకునే మనిషి. అరుగు మీద కూచుని కొబ్బరినీళ్ళు తాగి, గెలాసు కింద పెట్టి అన్నాడు:

"బావా, ఆ ఒంకర సెట్లు కొట్టించీ. సరుగుడు ఎయ్యి. సరుగుడు కాడికి ఎలుగొచ్చి ఏటి సేత్తాది? ఏసీసినాక నువ్వూ ఎల్లక్కర్నేదు."

"సెట్లు కాపు మీదున్నాయి బావా," అన్నాడు సింహాచలం.

"కాపుంటే ఏటి లాభం? ఏరేవోడు తడిక కాడ నిలబడిపోతన్నాడు గదా!"

సింహాచలం భార్య వంక చూశాడు. బొడ్డమ్మ చేట కింద పెట్టింది.

"నాను పైన ఎలుగుని సూసుకుంటానా, కింద పిక్కలేరుకుంటానా?" అంది. "మాటంటే మాటే మావా. ఈ యేడు పిక్కలు రాలే రోజుకి నువ్వు నాతోటి తోటలోకి కాలెడితే సెట్లుంటాయి. నేదంటే అన్న రంపాలోల్ని పంపుతాడు."

ఆమె అన్నదాంట్లో అన్యాయం లేదు. అందుకే సింహాచలానికి ఆ పూట అన్నం దిగలేదు. చెట్టు చెట్టుకీ కట్టిన మోకులు గుర్తొచ్చాయి. చాలా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. తనకి ఎలుగంటే భయం కాదు. తన మోకాళ్ళంటే భయం. మోకాళ్ళు పరిగెత్తగలిగితే భయపడాల్సిన పని లేదు. కాబట్టి పరుగు నేర్చుకోవాలి. పెళ్ళానికి తెలియకూడదు. బావమరిదికి అసలే తెలియకూడదు.

పరుగు ఒక్కడూ నేర్చుకునే విద్యలా అతనికి తోచలేదు. తోడు వెతికాడు. కొబ్బరి దింపు తీసే కూర్మయ్య దొరికాడు. చిన్నప్పటినుంచీ చెట్లను కావలించుకుని ఎక్కడం వల్ల కూర్మయ్య కాళ్ళు రెండూ బయటికి వంగిపోయాయి. ఎంత ఎత్తు చెట్టయినా మనం తల ఎత్తేలోగా ఎక్కేస్తాడు. నేల మీద మాత్రం, పట్టుకోవడానికి ఏమీ లేక, బాతులా అటూ ఇటూ ఊగుతాడు.

"సెట్టెక్కితే సాలదేటి నీకు?" అన్నాడు సింహాచలం.

"ఎలుగూ ఎక్కుతాది బావా," అన్నాడు కూర్మయ్య. "మొన్న నాను సగం సెట్టు మీదున్నాను. కిందనించి మొదలట్టుకుని నా వంకే సూసింది. నాకన్నా బాగా ఎక్కుతాదని అప్పుడే తెలిసిపోనాది."

మూడో మనిషి సూరమ్మ. భావనపాడు నుంచి ఎండుచేపలు తట్టలో నెత్తిన పెట్టుకుని తోటల దారిన ఊరూరా తిరిగి అమ్ముతుంది. చేపల వాసన తనకంటే ముందే ఎలుగులకి చేరుతుందని ఆమెకు తెలుసు. ఆమె ఇబ్బంది వేరు. పుట్టి బుద్ధెరిగాక నెత్తి మీద బరువు లేకుండా నడిచి ఎరగదు. తట్ట దించితే వెనక్కి పడిపోతుంది.

సింహాచలానికి కూడా తనదైన లోపం ఒకటి ఉందని మొదటి రోజే తేలింది. వెనక ఎవరూ తరమకపోతే అతనికి కాలు కదలదు.

పరుగు ఎక్కడ నేర్చుకోవాలో కూడా వాళ్ళు ఆలోచించారు. ఊళ్ళో వద్దు. తెల్లారగానే సముద్రపు ఒడ్డున మొదలుపెట్టి ఊరి వైపు రావాలనుకున్నారు. అది సునామీ వచ్చి వెళ్ళిన మరుసటి నెల. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. తాము పరిగెత్తడానికీ దానికీ సంబంధం ఉంటుందని మాత్రం ముగ్గురికీ తట్టలేదు.

ఇసుకదిబ్బ దాటి ముగ్గురూ సముద్రం వైపు నుంచి పడుతూ లేస్తూ వస్తూంటే, మొదట పళ్ళు తోముకుంటున్నవాడొకడు చూశాడు. వేపపుల్ల పారేశాడు. క్షణంలో ఊరు లేచింది. కోళ్ళగంపలు, మంచాలు, మేకలు, మంచాల మీద మేకలు. ఒకామె ఇంట్లో అన్నీ వదిలేసి రుబ్బురోలు పొత్రం చంకనెత్తుకుంది. అదే ఎందుకని తరవాత అడిగితే చేతికి అదే తగిలిందని చెప్పింది.

"ఏటయ్యింది మావా?" అని అరుస్తున్నారు వెనకనుంచి. "ఎంతెత్తుంది? ఎంతెత్తుంది?"

సింహాచలానికి ఊపిరి ఆడటం లేదు. ఆగి చెబుదామంటే వెనక ఊరంతా వస్తోంది. జీవితంలో మొదటిసారి అతన్ని అంతమంది తరిమారు. మోకాళ్ళు మారుమాట లేకుండా పనిచేశాయి. తారురోడ్డు దాకా, అంటే అతను కలలో కూడా పరిగెత్తనంత దూరం పరిగెత్తాడు. అక్కడ మైలురాయి పట్టుకుని వంగిపోయాక ఊరు అతని చుట్టూ మూగింది.

"ఏటయ్యింది?"

"ఏటీ... నేదు," అన్నాడు.

"ఏటీ నేకుండా ఎందుకు పరిగెట్టినావు?"

సింహాచలం నిజమే చెప్పాడు. "మీరెనకాల వత్తన్నారని."

ఊరు కాసేపు ఆలోచించింది. జవాబులో తప్పు దొరకలేదు. మంచాలెత్తుకుని వెనక్కి మళ్ళారు. పొత్రం తెచ్చినామె మాత్రం అది సింహాచలమే మోసుకు రావాలని పట్టుబట్టింది. మోశాడు.

"ఈ ఊళ్ళో పరుగు నేర్సుకోడం కుదరదు," అన్నాడు కూర్మయ్య ఆ సాయంత్రం. "మనం ఒకడుగేత్తే ఊరు పదడుగులేత్తాది."

సూరమ్మ తట్ట సర్దుకుంటూ నవ్వింది. "తమ్ముడా, పొద్దున్నే సెంబట్టుకుని పరిగెట్టినోణ్ణి ఏటయ్యిందని ఈ ఊళ్ళో ఎవుడైనా అడిగినాడేటి?"

నిజమే. ఆ ఊరి అలవాటుకి ఒకే ఒక్క మినహాయింపు అది. చెంబుతో పరిగెత్తేవాడి వెనక ఎవరూ పరిగెత్తరు సరిగదా, మొహం తిప్పుకుని దారిస్తారు.

మర్నాటినుంచి ముగ్గురూ చెంబులతో దిగారు. ఖాళీ చెంబయితే అనుమానం వస్తుందని కూర్మయ్య నీళ్ళు నింపించాడు. అది వాళ్ళకి కలిసొచ్చింది. పరుగు బాగా కుదిరిన రోజు నీళ్ళు మిగిలేవి. కుదరని రోజు పంచె తడిసేది. సూరమ్మ చెంబుని చుట్టకుదురు మీద పెట్టి నెత్తిన పెట్టుకుంది. ఆ పనికి వెళ్ళేవాళ్ళు ఎవరూ చెంబు నెత్తిన పెట్టుకోరని సింహాచలం సందేహించాడు.

"సేపలోల్ల ఆడదాన్ని, ఏటైనా నెత్తినెట్టుకుంటాననుకుంటారు," అంది సూరమ్మ. ఎవరూ అడగలేదు.

కూర్మయ్యకి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి గనక సింహాచలం తన తుండుగుడ్డ నడుముకి కట్టి కొస వెనక్కి వదిలాడు. కూర్మయ్య దాన్ని పట్టుకున్నాడు. సింహాచలానికి తరిమేవాళ్ళు కావాలి గనక సూరమ్మ వెనక నిలబడింది. ఆమెది చేపల బేరంలో పండిన నోరు.

"ఆగినావేటి దరిద్రుడా! కొట్టించీమంటావేటి సెట్లు? రంపం తెమ్మంటావేటి? గెంటు, పరిగెట్టు!"

"అప్పా, మరీ అంత గట్టిగా వద్దు," అనేవాడు సింహాచలం పరిగెడుతూ.

"మెత్తగా తిడితే నీ మోకాళ్ళు ఇంటాయేటి?"

ఒకరికి తగ్గినచోట ఇంకొకరు ఆసరా అయ్యారు. ఒక పొద్దున్న సూరమ్మ కాలిలో ముల్లు విరిగితే, అది తీసేదాకా మిగతా ఇద్దరూ ఆగి నిలబడ్డారు. అప్పుడే ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఎలుగొచ్చినా సరే, ముగ్గురూ ఒక్కసారే బయల్దేరాలి. వెనకబడ్డవాళ్ళ వేగమే అందరి వేగం. ఒకరు సిద్ధంగా లేకపోతే ఎవరూ కదలకూడదు.

కూర్మయ్యకి ఒక సందేహం వచ్చింది. "అలాగయితే ముగ్గురం దొరికిపోమేటి బావా?"

సింహాచలం కొంత దూరం ఆలోచిస్తూ పరిగెత్తాడు. "దొరికితే దొరుకుతాం. ఒకడే దొరికితే మిగిలినోళ్ళు వాడి ఇంటికెల్లి ఏటని సెప్తారు?"

కూర్మయ్య తుండు కొస గట్టిగా పట్టుకున్నాడు.

ఇలా కొన్ని వారాలు బాగానే జరిగింది. తాటితోపు దగ్గర వెనక్కి తిరిగాక కూడా చెంబుల్లో నీళ్ళుండేవి. సింహాచలం నడుం తగ్గి, పంచె ముడి వెనక్కి జరిపి బిగించాల్సి వచ్చింది. కాని వాళ్ళని రోజూ గమనిస్తున్న మనిషి ఒకరున్నారని వాళ్ళకి తెలియదు.

కమలకుమారి ఆ ఊరి నర్సు. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. రోజూ పొద్దున్న ముగ్గురు పెద్దవాళ్ళు చెంబులతో పరిగెత్తడం, తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళంతా తడిసి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఒకరినొకరు పట్టుకుని రావడం ఆమె చూసింది. పైగా అందులో ఒకామె వెళ్ళే తొందరలో చెంబు నెత్తిన పెట్టుకుంది. విరేచనాల జబ్బు మతి చలించేదాకా ముదిరిందనుకుని నర్సు మండలం ఆసుపత్రికి కబురు చేసింది.

డాక్టరుతో జీపు వచ్చింది. నూతుల్లో తెల్లపొడి చల్లారు. ఇంటింటికీ ఉప్పూ పంచదార పొట్లాలు పంచారు. చద్దికూడు తినవద్దని, కాచిన నీళ్ళే తాగమని, ఎండుచేప ముట్టుకోవద్దని దండోరా వేశారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ లేకపోయినా, వినగా వినగా చాలామందికి కడుపులో ఏదోలా అనిపించింది. బొడ్డమ్మ మొగుడికి కారం మానిపించి గంజి పోసింది. గంజి మీద పరిగెత్తడం ఎంత కష్టమో సింహాచలం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

బడి వరండాలో డాక్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు.

"రోజుకెన్నిసార్లు?"

"ఒక్కసారేనండి. పొద్దున్నే."

"ఎంతసేపు?"

"సూరీడు పైకొచ్చీదాకానండి. తాటితోపు దాకా ఎల్లి వత్తామండి."

డాక్టరు కలం ఆపాడు. "మధ్యలో ఆపుకోలేకపోతున్నారా?"

"ఆగగలనండి," అన్నాడు సింహాచలం. "ఆగితే ఎనకాల ఆవిడ తిడతాదండి."

డాక్టరు నర్సు వంక చూశాడు. నర్సు, నేను చెప్పలేదా అన్నట్టు తల ఊపింది.

ఇక్కడిదాకా సింహాచలం ఓర్చుకున్నాడు. లేని జబ్బు ఒప్పుకుంటే పోయేదేముంది, రహస్యం నిలుస్తుంది. కాని బయటికొచ్చేసరికి నూతి దగ్గర సూరమ్మ కనిపించింది. తట్ట నిండుగా ఉంది. రోజూ బేరమాడే ఆడవాళ్ళు ఆమెకి దూరంగా, ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని నిలబడ్డారు.

"దీని సేపలే ఊరి కొంప ముంచినాయి," అంటోంది పొత్రం ఆవిడ. "ముందు దానికే పట్టుకుంది, తరవాత ఆలిద్దరికీ."

సూరమ్మ అంత నోరున్న మనిషీ ఒక్క మాట తిరిగి అనలేదు. సింహాచలం దగ్గరికి రాగానే మెల్లగా అంది:

"నువ్వేటీ సెప్పకు తమ్ముడా. పిక్కలు రాలడానికి ఇంకెన్నాళ్ళో నేదు. ఎండుసేప ఆగుతాది."

"సేపాగుతాది. నీ ఇంట్లో పొయ్యాగుతాదేటి?"

ఆమె తట్ట కొంచెం పక్కకి సర్దుకుంది.

సింహాచలం జీపు దగ్గరికి వెళ్ళాడు. ఊరంతా అక్కడే ఉంది. బొడ్డమ్మ ఉంది. చెల్లెలి ఊళ్ళో రోగమని విని చూడటానికొచ్చిన తిరుపతిరావు కూడా ఉన్నాడు.

"మాకేటీ రోగం నేదు," అన్నాడు సింహాచలం. "సూరమ్మప్ప సేపలు మంచివి. మేం పరుగు నేర్సుకుంటన్నాం."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఎలుగు నుంచి పారిపోడానికి," అన్నాడు. "నాకు తోటలోకెల్లాలంటే భయం. అందుకని."

"మరి చెంబులెందుకు?" అంది కమలకుమారి చిన్నబుచ్చుకుని.

"ఊరికే పరిగెడితే ఊరంతా పరిగెడతాదమ్మా."

ముందు ఒకడు నవ్వాడు. తరవాత నవ్వు ఇసుకలో నీళ్ళలా పాకింది. డాక్టరు నవ్వకుండా జీపెక్కి కూచున్నాడు. తిరుపతిరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎలుగుకన్నా బేగి గెంటుతావేటి బావా? గంజి తాగా?"

బొడ్డమ్మ నవ్వలేదు. సూరమ్మ దగ్గరికి వెళ్ళి తట్టలో చెయ్యి పెట్టి, పెద్ద చేపలు చూసి ఏరుకుంది. ఆ పూట వంకాయలో వేసి వండింది. కారం రెండింతలు వేసింది. సింహాచలం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికేనని ఇద్దరూ అనుకున్నారు. మాట మాత్రం బొడ్డమ్మ వెనక్కి తీసుకోలేదు.

పిక్కలు రాలే రోజు వచ్చింది. తిరుపతిరావు రంపాలవాళ్ళని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చి తడిక బయట నిలబెట్టాడు. చూడటానికి ఊరు వచ్చింది. బొడ్డమ్మ బుట్ట పట్టుకుని నిలబడింది. సింహాచలం తుండు నడుముకి కట్టి కొస వదిలాడు. కూర్మయ్య పట్టుకున్నాడు. వెనక సూరమ్మ. అవసరం లేకపోయినా అలవాటు కొద్దీ ముగ్గురి చెంబుల్లోనూ నీళ్ళున్నాయి.

సింహాచలం తడిక మీద చెయ్యి వేశాడు. మోకాళ్ళు వణికాయి.

"నిలబడిపోనావేటి దరిద్రుడా!" అంది సూరమ్మ వెనకనుంచి, నెమ్మదిగానే.

లోపలికి అడుగు పెట్టాడు. యేడాది తరవాత తన చెట్ల మధ్యకి వచ్చాడు. అవి ఎలా ఒరిగి ఉన్నాయో అలాగే ఒరిగి ఉన్నాయి. తుపానునాడు కట్టిన మోకు ఒకటి కొమ్మలోకి కలిసిపోయి ఉంది. దాన్ని తడుముతూ ఇంకో నాలుగడుగులు వేశాడు. అప్పుడు చూశాడు. పెద్ద చెట్టు కింద, పళ్ళ మధ్య, ఎలుగుబంటి కూచుని ఉంది.

అది వీళ్ళని చూసి వెనక కాళ్ళ మీద లేచింది.

"కూర్మయ్యా," అన్నాడు సింహాచలం పెదవులు కదపకుండా. "తుండట్టుకున్నావా?"

"ఉండు బావా. ముడి జారిపోతంది."

"అప్పా, నువ్వో?"

"కుదురు పడిపోనాది తమ్ముడా. కుదురు నేకుండా నాను పరిగెట్టలేను."

ఒకరు సిద్ధంగా లేకపోతే ఎవరూ కదలకూడదు. ముగ్గురూ కదలలేదు. కూర్మయ్య తుండు ముడి మళ్ళీ వేస్తున్నాడు. సూరమ్మ కళ్ళు ఎలుగు మీంచి తిప్పకుండా కాలితో ఇసుకలో కుదురు కోసం వెతుకుతోంది. సింహాచలం మధ్యలో నిలబడి ఉన్నాడు. పారిపోవడానికి నేర్చుకున్న విద్యంతా ఆ క్షణంలో అతన్ని కదలకుండా నిలబెట్టింది. ఎలుగుబంటి వాళ్ళని చూస్తోంది. ఆ తోటలో అందరూ చూసినట్టే, తల ఒక పక్కకి వంచి చూస్తోంది.

కుదురు దొరికింది. సూరమ్మ దాన్ని నెత్తిన వేసుకుని చెంబు పెట్టుకుని, ఇక బయల్దేరాలన్న ఆత్రంలో, అలవాటైన చోటు నుంచి అలవాటైన గొంతుతో ఒక్కసారిగా అందుకుంది.

"ఇంకా నిలబడ్డావేటి దరిద్రుడా! సెట్లు కొట్టించీమంటావేటి! గెంటు! గెంటు!"

భావనపాడు రేవులో పడవల మీదికి వినిపించే గొంతు అది. ఎలుగుబంటి ఉలిక్కిపడింది. ముందు కాళ్ళు నేలకి ఆనించి, వెనక్కి తిరిగి పరుగెత్తింది.

అప్పుడు జరిగినదాన్ని గురించి ఊళ్ళో చాలా మాటలున్నాయి గాని, అసలు సంగతి ఇంతే. గుల్లలపాడు మనిషి ఎదుట ఎవరైనా పరిగెడితే ఏం చెయ్యాలో అతని కాళ్ళకి తెలుసు. సింహాచలం ఆలోచించలేదు. దాని వెనక పరిగెత్తాడు. తుండు పట్టుకుని కూర్మయ్య, తిడుతూ సూరమ్మ.

కంచె దాటి ఎలుగుబంటి బయటికి రావడం, దాని వెనక చెంబులతో ముగ్గురు రావడం ఊరు చూసింది. ఊరికి కూడా ఆలోచించే తీరిక లేదు. అందరూ వాళ్ళ వెనక పడ్డారు. రంపాలవాళ్ళు రంపాలు కింద పడేసి పడ్డారు. వాళ్ళది కోటబొమ్మాళి, వాళ్ళకి ఆ అలవాటు లేదు. అయినా అంతమందిలో నిలబడటం కుదరలేదు. "ఏటయ్యింది? ఏటయ్యింది?" అని అందరికన్నా గట్టిగా అరుస్తూ తిరుపతిరావు పరిగెత్తాడు. తడిక దగ్గర ఎలుగుని చూసినవాడే, ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలియదు.

ముందున్నవారు జవాబు చెప్పేదాకా వెనకవాళ్ళు ఆగకూడదు. ఎలుగుబంటి చెప్పలేదు. కొబ్బరితోటలు దాటి, గెడ్డ వాగు దాటి, కొండ మొదట్లో తుప్పల్లోకి దూరి అది కనపడకుండా పోయాకే అందరూ ఆగారు. సింహాచలం వంగి మోకాళ్ళు పట్టుకున్నాడు. రెండూ ఉన్నాయి. చెంబులోకి చూసుకున్నాడు. అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. కూర్మయ్యకిచ్చాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. రంపాలవాళ్ళు కాళ్ళు పట్టుకుపోయి ఒరిగిన చెట్ల నీడనే పడుకున్నారు. చెట్లు కొట్టే ఓపిక వాళ్ళకి లేదు, కొట్టమని చెప్పే ఊపిరి తిరుపతిరావుకి లేదు. ఊళ్ళో పరిగెత్తనిది బొడ్డమ్మ ఒక్కతే. బుట్ట సగం నిండింది.

"కాలెట్టినాను గదే?" అన్నాడు సింహాచలం.

"ఎట్టినావు, ఎలిపోనావు," అంది బొడ్డమ్మ. రెండో బుట్ట అతని ముందుకి తోసింది. "ఇప్పుడు ఏరు."

ఏరాడు. చీకటి పడేదాకా, ప్రతి ఆకు చప్పుడికీ తల ఎత్తుతూనే ఏరాడు.

ఆ తరవాత చాలా యేళ్ళు సింహాచలం ఆ తోటలో తిరిగాడు. ఎలుగులు రావడం మానలేదు. అతనికి భయం పోయిందని కూడా ఎవరూ చెప్పలేరు. తోటకి వెళ్ళిన ప్రతిసారీ పొద్దున్నే కూర్మయ్యనీ సూరమ్మనీ కేకేసే వెళ్ళేవాడు, వాళ్ళకి పనుంటే ఆగేవాడు. పొద్దున్న పరుగు కూడా మానలేదు. చెంబులు మాత్రం మానేశారు, కమలకుమారి బతిమాలింది గనక. ఊరు కొన్నాళ్ళు వెనకాల వచ్చి విసుగెత్తి ఊరుకుంది.

సంబంధం మాటాడటానికో, కొబ్బరి బేరానికో కొత్తవాళ్ళు ఊళ్ళోకి వస్తే, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తేవారు. విన్నవాళ్ళు అతన్నే అడిగేవారు: ఎలుగు నుంచి తప్పించుకోవడానికి నేర్చుకున్న పరుగు గదా, దాని వెనకే ఎందుకు పరిగెత్తావని.

సింహాచలం ఆ ప్రశ్నకి ప్రతిసారీ కొంచెం ఆశ్చర్యపడేవాడు.

"అది పరిగెడతంది గదా బాబూ," అనేవాడు. "ఏటయ్యిందో అడగద్దా?"